భయపెట్టుట ధర్మమా?

మనుష్యుడు వదలించుకొనదలచిన భావములలో భయము మొదటిది. చీకటికి వెరచి దీపము వెలిగించెను. మృగమునకు వెరచి గోడ కట్టెను. అట్టివాడే ఒకనాటి రాత్రి దీపము తగ్గించి, నలుగురితో కూర్చుండి, దయ్యపుకథ చదువుమని కోరును. ఈ వైపరీత్యమునకు కారణమేమి? వినోదము కొరకు ఒకరిని, అందును పసివారిని, భయపెట్టుట ధర్మమేనా? ఈ ప్రశ్నను విచారించుటకు పాశ్చాత్యుల హాలోవీన్ రాత్రి తగిన సందర్భము.

అక్టోబరు 31వ తేదీన జరుగు ఈ పండుగకు మూలము ఐర్లండు మొదలగు దేశములలోని ప్రాచీనమైన సావిన్ పండుగ యని చెప్పుదురు. పంటకాలము ముగిసి శీతకాలము ప్రవేశించు ఆ సంధిలో మృతుల లోకమునకును మన లోకమునకును నడుమనున్న తెర పలుచబడునని వారి నమ్మకము. 19వ శతాబ్దిలో ఐర్లండు, స్కాట్లండుల నుండి వలసపోయినవారు ఈ ఆచారమును అమెరికాకు కొనిపోయిరి. ఇల్లు విడిచినవాడును కథను విడువడు. ఈ సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి దయ్యముల కథలను బిగ్గరగా చదివి వినిపించుట పలువురకు ఆచారము. వాషింగ్టన్ ఇర్వింగ్ 1820లో ప్రకటించిన తలలేని ఆశ్వికుని కథ, ఎడ్గార్ ఎలన్ పో 1843లో ప్రకటించిన హృదయస్పందనపు కథ, జేకబ్స్ 1902లో వ్రాసిన కోతిచేయి కథ ఇట్టివానిలో ప్రసిద్ధములు. ఇంగ్లండులో ఎం. ఆర్. జేమ్స్ అను పండితుడు 1893 అక్టోబరు 28వ తేదీన కేంబ్రిడ్జిలో ఒక చిన్న గోష్ఠిలో తన కథలు రెండు చదివెను. పిదప క్రిస్మసు రాత్రులలో కొవ్వొత్తి వెలుగున మిత్రులకు క్రొత్త కథలు వినిపించుట ఆయనకు అలవాటయ్యెను. 1816లో జెనీవా సరస్సు ఒడ్డున బైరన్, షెల్లీ ప్రభృతులు జర్మను దయ్యపుకథలను కలసి చదువుకొనిరి. ఆ గోష్ఠిలో పదునెనిమిదేండ్ల మేరీ మనస్సున పుట్టిన కథయే 1818లో వెలువడిన ఫ్రాంకెన్‌స్టైన్.

లోకమున భయము దుఃఖమే. నాట్యమున అది భయానక రసమగునని భరతుడు చెప్పెను. దుఃఖము రసముగా మారుటకు వినువాని హృదయములో ఒక ఎరుక యుండవలెను: ఇది కథ యను ఎరుక. బిగ్గరగా చదువుటలో ఆ ఎరుకకు కాపున్నది. గ్రంథము కంటి యెదుట నున్నది. కంఠము తండ్రిది, లేక అవ్వది. ప్రక్కనున్నవాని భుజము తగులుచున్నది. చదువువాడు పసివాని ముఖము చూచుచునే యున్నాడు. పెదవి వణికినచో స్వరము తగ్గించును, అవసరమైనచో పుస్తకము మూయును. భయపెట్టువాడు భయపడువాని ముఖమునకు జవాబుదారియై యుండుటయే ఇందలి ధర్మము.

ఆ ముఖము కానరానిచో ఏమగును? 1938 అక్టోబరు 30వ తేదీన, హాలోవీన్‌కు ముందటి రాత్రి, ఆర్సన్ వెల్స్ బృందము అంగారకవాసుల దండయాత్రను అమెరికా రేడియోలో వార్తల ఫక్కిలో ప్రదర్శించెను. నాటకమని మొదటనే చెప్పిరి. నడుమ వినుట మొదలిడినవారిలో కొందరు నిజమని నమ్మి కలవరపడిరి. ఆ కలవరమును పత్రికలు పెంచి వ్రాసినవని తరువాతి పరిశోధకులు చూపిరి. ఐనను నమ్మిన ఆ కొందరికి కథలోనుండి బయటికి వచ్చు ద్వారము కానరాలేదు. వారి ముఖములు చదువువానికిని కానరాలేదు.

హద్దు పూర్తిగా చెరగినచో మరింత ఘోరము జరుగును. నేడు పిల్లలు నవ్వుచు ధరించు మంత్రగత్తె వేషము వెనుక 1692 నాటి సేలము పట్టణమున్నది. కొందరు బాలికల మూర్ఛలకు చేతబడి కారణమని నమ్మి ఆ ఊరివారు 19 మందిని ఉరితీసిరి. ఒక వృద్ధుని రాళ్ల బరువు క్రింద చంపిరి. అది దూరదేశపు సంగతి యని మనము ఊరడిల్లుటకు వీలులేదు. బాణామతి, చిల్లంగి యను అనుమానముతో నిరపరాధులను హింసించిన ఉదంతములు మన తెలుగు సీమలలోను కలవు. మనము నివసించు ఒడిశా, మహారాష్ట్రములు 2013లోను, కర్ణాటకము 2017లోను ఇట్టి దురాచారములను నిషేధించుచు శాసనములు చేయవలసి వచ్చెను. గ్రంథములోని భయము అట్టదాటి వీధిన పడినచో అది దిక్కులేని ముదుసలి గుడిసెను వెదకుకొని పోవును.

ఉత్తమమైన దయ్యపుకథ పొరుగువానిని వ్రేలెత్తి చూపదు. పో కథలో హంతకుడు నేలపలకల క్రింద చచ్చినవాని గుండె కొట్టుకొనుట విని తన నేరమును తానే ఒప్పుకొనును. జేకబ్స్ కథలో ధనము కోరిన తలిదండ్రులకు కుమారుని మరణమునకు పరిహారముగా ఆ ధనమే లభించును. వినువాడు భయపడి పొరుగింటివైపు చూడడు. తన పాపమును, తన ఆశను చూచుకొనును. మన బేతాళుడును ఇట్టివాడే. శ్మశానములో భుజమెక్కిన ఆ శవము కథ చెప్పి, చివరకు ధర్మసందేహ మడుగును. తెలిసియు మౌనము వహించినచో తల పగులునని బెదిరించును. భయమును వివేకమునకు నడిపించిన కథకుడు భయపెట్టినను నిర్దోషి.

మన ఇండ్లలోని పిల్లలు బడిలో వేరొక భాష చదువుదురు. తెలుగు వారికి చాలవరకు చెవి ద్వారమున వచ్చినదే. వారికి రాత్రివేళ కథ చదివి వినిపించుట భాషకును మేలు, మనస్సునకును మేలు. దయ్యపుకథ యైనను దోషము లేదు. కాని కథ ముగిసిన పిమ్మట పసివాడు తప్పక ఒక ప్రశ్న అడుగును: “ఇది నిజమా?” చదువువాని ధర్మము ఆ క్షణమున తేలును. కథను రక్తి కట్టించు మోజులో నిజమనకూడదు. విసుగుతో కసరి పండుకొనబెట్టకూడదు. కథ యని చెప్పవలెను. రసము చెడునను భయము వలదు. మరునాటి రాత్రి ఆ పసివాడే ఆ కథనే మరల చదువుమని అడుగును.