కాలహరణం కూడా కొలతలో మోసమే

మా వీధి చివర ఖాళీ స్థలంలో పిల్లలు రోజూ సాయంత్రం క్రికెట్ ఆడుతుంటారు. మగ్రిబ్ అజాన్ వినపడగానే ఆట ఆపేయాలన్నది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. అప్పటికి ఆట తేలకపోతే ఎవరూ గెలవనట్టే, ఎవరూ ఓడనట్టే.

ఒకరోజు మావాడు ఎంతో సంబరంగా ఇంటికొచ్చాడు. "అబ్బా! ఇవాళ మేం ఓడిపోవలసింది. వాళ్లకు ఇంకా రెండు ఓవర్లున్నాయి, పన్నెండు పరుగులే కావాలి. నేను బూటు లేసు రెండుసార్లు విప్పి కట్టుకున్నాను. మావాడొకడు బంతి దొరికినా దొరకనట్టు కాలువ దగ్గర వెతుకుతూనే ఉన్నాడు. అంతలో అజాన్ అయిపోయింది!"

"అది మోసం కదా బేటా" అన్నాను.

"మోసం ఎలా అవుతుంది అబ్బా? బూటు లేసు కట్టుకోకూడదని రూల్ ఉందా?" అని ఎదురడిగాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. పిల్లల ఆటే కదా అని వదిలేద్దామనుకున్నాను. కాని ఆలోచించేకొద్దీ అది పిల్లల ప్రశ్న కాదనిపించింది. చట్టానికి దొరకని పని తప్పు కాకుండా పోతుందా? ఇదే ప్రశ్న పెద్దల క్రికెట్‌ను ఎన్నో ఏళ్లుగా వేధిస్తోంది.

పెద్దల ఆటలోనూ అదే తంతు

టెస్టు మ్యాచ్‌లో రోజుకు ఆరు గంటల ఆట, అందులో 90 ఓవర్లు వేయాలన్నది నియమం. అంటే గంటకు 15 ఓవర్లు. ఆరు గంటల్లో పూర్తికాకపోతే అదనంగా అరగంట ఇస్తారు. అయినా ఓవర్లు మిగిలిపోవడం మామూలైపోయింది. ఫీల్డర్లను మాటిమాటికీ అటూ ఇటూ జరపడం, బౌలరుతో సుదీర్ఘ మంతనాలు, అవసరం లేకున్నా నీళ్ల సీసాలు, గ్లవ్స్ తెప్పించుకోవడం - మార్గాలు అనేకం. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే నేరం కాదు. అన్నీ కలిస్తే మాత్రం ఎదుటివాడి గెలుపును మింగేస్తాయి.

1967 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని ఎడ్జ్‌బాస్టన్ మైదానంలో యార్క్‌షైర్, వార్విక్‌షైర్ కౌంటీ జట్లు తలపడ్డాయి. చివర్లో వార్విక్‌షైర్‌కు దాదాపు 100 నిమిషాల్లో 142 పరుగులు కావాలి. యార్క్‌షైర్ కెప్టెన్ బ్రయాన్ క్లోజ్ ఆటను ఎంతగా సాగదీశాడంటే, ఆ సమయమంతటిలో తన జట్టుతో 24 ఓవర్లు మాత్రమే వేయించాడు. వార్విక్‌షైర్ 9 పరుగుల దూరంలో ఆగిపోయింది. మ్యాచ్ డ్రా అయింది. అప్పటికి క్లోజ్ ఇంగ్లండ్ జట్టుకు కూడా కెప్టెన్. ఆయన నాయకత్వం వహించిన ఏడు టెస్టుల్లో ఆరు గెలిచాడు. అయినా ఈ సంఘటన తర్వాత ఆయన అభిశంసనకు గురయ్యాడు. వెస్టిండీస్ పర్యటనకు కెప్టెన్సీ కోలిన్ కౌడ్రీకి దక్కింది. తొమ్మిది పరుగులు కాపాడుకున్న చోట దేశ నాయకత్వం చేజారింది.

2000 డిసెంబరులో కరాచీ టెస్టు చివరి రోజు ఇంగ్లండ్‌కు 176 పరుగులు కావాలి. పొద్దు వాలిపోతోంది. పాకిస్తాన్ కెప్టెన్ మొయిన్ ఖాన్ ఆటను నెమ్మదింపజేస్తూ, వెలుతురు చాలడం లేదని అంపైర్లకు మొరపెట్టుకుంటూ వచ్చాడు. అంపైరు స్టీవ్ బక్నర్ ఒప్పుకోలేదు. జాప్యం చేసినవాడికే ఆ జాప్యం లాభం చేకూర్చకూడదన్నట్టుగా ఆట కొనసాగించాడు. దాదాపు చీకట్లోనే ఇంగ్లండ్ ఆరు వికెట్ల తేడాతో గెలిచింది.

అదే ఇంగ్లండ్ 2009 జులైలో కార్డిఫ్‌లో ఏం చేసింది? ఆస్ట్రేలియాపై ఓటమి తప్పించుకునేందుకు చివరి జంట పోరాడుతుంటే, పన్నెండో ఆటగాడు గ్లవ్స్ పట్టుకుని ఒకటికి రెండుసార్లు మైదానంలోకి వచ్చాడు. జట్టు ఫిజియో కూడా వచ్చాడు. ఆస్ట్రేలియా కెప్టెన్ పాంటింగ్ బాహాటంగానే అసంతృప్తి వెలిబుచ్చాడు. కరాచీలో ఒక్కో నిమిషం కోసం తహతహలాడిన జట్టే కార్డిఫ్‌లో నిమిషాలను కరిగించింది.

తమకు రావలసినప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇవ్వవలసి వచ్చినప్పుడు తగ్గించి ఇచ్చేవారిని దివ్యఖుర్ఆన్ ముతఫ్ఫిఫీన్ సూరాలో తీవ్రంగా హెచ్చరించింది. తూకపు రాయి బియ్యానికే కాదు, కాలానికీ ఉంటుంది.

నిదానం వేరు, కాలహరణం వేరు

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. బ్యాట్స్‌మన్ రోజంతా బంతిని అడ్డుకుంటూ డ్రా కోసం ఆడితే అదీ కాలయాపనే కదా? కాదు. అతను ప్రతి బంతినీ ఎదుర్కొంటున్నాడు. తనను ఔట్ చేసే అవకాశం ప్రత్యర్థికి ప్రతిసారీ ఇస్తున్నాడు. కాలహరణం చేసేవాడు ఆ అవకాశాన్నే లేకుండా చేస్తున్నాడు. మొదటివాడు పోరాడుతున్నాడు. రెండోవాడు పోరాటం జరగనివ్వడం లేదు.

తన జట్టును ఓటమి నుంచి కాపాడటం కెప్టెన్ బాధ్యత కదా అని వాదించేవారూ ఉన్నారు. బాధ్యతే. కాని తనది కాని సొత్తుతో ఎవరూ తమ వారిని కాపాడకూడదు. మ్యాచ్‌లోని సమయం రెండు జట్లకూ ఉమ్మడి. బంతి చేతిలో ఉన్నవాడు దానికి యజమాని కాడు, అమానత్‌దారుడు. ఆ రోజు కూలి వదులుకుని, టికెట్టు కొనుక్కుని, 90 ఓవర్లు చూద్దామని వచ్చినవాడికి కూడా అందులో వాటా ఉంది.

స్తోమత ఉండి కూడా అప్పు తీర్చడంలో జాప్యం చేయడాన్ని దైవప్రవక్త (స) అన్యాయంగా పరిగణించారు. అప్పు ఎగ్గొట్టడమే కాదు, ఇవ్వగలిగి ఇవ్వకుండా సాగదీయడం కూడా దౌర్జన్యమే. వేయగలిగి వేయని ఓవరు అలాంటి బాకీయే.

జరిమానా ధరగా మారినప్పుడు

చాలాకాలం దీనికి ఎక్కువగా పడిన శిక్ష మ్యాచ్ ఫీజులో కోత. ఓటమి తప్పుతుందంటే కొంత డబ్బు పోయినా ఫర్వాలేదనుకుంటే, జరిమానా శిక్షగా మిగలదు. తప్పు చేయడానికి చెల్లించే ధర అవుతుంది. అందుకే క్రమంగా శిక్షను లాభం ఉన్న చోటికే తెచ్చారు. 2020 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో భారత్‌తో జరిగిన టెస్టులో రెండు ఓవర్లు తక్కువ వేసినందుకు ఆస్ట్రేలియా ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్‌లో 4 పాయింట్లు కోల్పోయింది. చివరికి ఆ కొద్దిపాటి తేడాతోనే ఫైనల్ బెర్తు న్యూజిలాండ్‌కు దక్కింది. 2023 యాషెస్ సిరీస్‌లో ఇంగ్లండ్ 19 పాయింట్లు, ఆస్ట్రేలియా 10 పాయింట్లు పోగొట్టుకున్నాయి.

పొట్టి క్రికెట్‌లో ఓవరుకూ ఓవరుకూ మధ్య 60 సెకన్ల గడియారం వచ్చింది. రెండు హెచ్చరికల తర్వాత కూడా ఆలస్యమైతే ఎదుటి జట్టుకు 5 పరుగులు ఇస్తారు. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో జరిగిన టి20 ప్రపంచకప్ మ్యాచ్‌లో అమెరికా జట్టు మూడుసార్లు ఆలస్యం చేయడంతో భారత్‌కు ఆ 5 పరుగులు వచ్చాయి. 2025లో ఆ గడియారాన్ని టెస్టులకూ తెచ్చారు.

అయితే గడియారం నిమిషాలనే కొలుస్తుంది, నియ్యత్‌ను కొలవలేదు. 2023 నవంబరు 6న ఢిల్లీలో శ్రీలంక ఆటగాడు ఏంజెలో మాథ్యూస్ హెల్మెట్ పట్టీ తెగిపోయింది. నిర్ణీత 2 నిమిషాల్లో బంతి ఎదుర్కోవడానికి సిద్ధం కాలేదంటూ, బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబుల్ హసన్ అప్పీలుపై అతన్ని ఔట్‌గా ప్రకటించారు. అంతర్జాతీయ క్రికెట్‌లో అలా ఔటైన మొదటివాడు అతనే. పట్టీ నిజంగా తెగినవాడు ఔటయ్యాడు. లేసు ఉత్తుత్తినే విప్పినవాడు నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. బూటు లేసు ఎందుకు విప్పాడో ఆ విప్పినవాడికి తెలుసు, అల్లాహ్‌కు తెలుసు.

ఆ రాత్రి మావాడికి ఇదంతా నాకు చేతనైన మాటల్లో చెప్పాను. చెబుతుండగానే ఒక విషయం గుర్తొచ్చి గొంతులో అడ్డుపడింది. మా ఇంటి తలుపులు చేసిన వడ్రంగికి నేనివ్వాల్సిన డబ్బు ఇంకా మిగిలే ఉంది. డబ్బు లేక కాదు. అతను వచ్చినప్పుడల్లా "రేపు రా భాయ్" అంటున్నాను. అతని కూలిని కాజేయలేదని నా ధీమా. కాని అతని రోజులను కాజేస్తున్నాను. నేనూ బూటు లేసే కట్టుకుంటున్నాను.

మర్నాడు ఉదయం నేనే అతని ఇంటికి వెళ్లి బాకీ తీర్చాను. సాయంత్రం మావాడు అవతలి జట్టును పిలిచి, ఆగిన చోటినుంచే ఆ రెండు ఓవర్లూ వేయించాడు. వాళ్లు ఓడిపోయారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాడు కాని, లేసుల ఊసెత్తలేదు.

సోదరులారా! ఆఫీసులో ఫైలు ఆపినప్పుడు, దుకాణం దగ్గర పనివాణ్ణి నిలబెట్టినప్పుడు, "ఇదిగో వచ్చేస్తున్నా" అని ఇంట్లోనే కూర్చున్నప్పుడు ఏ అంపైరూ మనల్ని చూడడు. ఎవరి ఓవర్లు మన చేతిలో మిగిలిపోయాయో ఒక్కసారి లెక్క చూసుకుందాం. మన అజాన్ వినపడక ముందే వాటిని వేసేద్దాం.