ఒక్క రోజే కదా అనకు తల్లీ

అమ్మా,

మీ వాడు ఆరో తరగతికి వచ్చాడని, మన ఊరి బడి దాటి పక్క ఊరి హైస్కూలుకు పోతున్నాడని విని సంతోషించాను. పెద్దమ్మాయి ఎనిమిదిలో ఉంది. అక్కా తమ్ముడూ ఒకే బడికి, ఒకే దారిన పోవడం నీకు పెద్ద ధైర్యం. అయినా ఈ మూడు తరగతుల గురించి, ఆరు, ఏడు, ఎనిమిది గురించి, నీకూ అల్లుడికీ కొన్ని మాటలు చెప్పాలనిపించింది. నా ఉద్యోగమంతా ఈ ఆదోని, కోసిగి పల్లెల్లో ఆ వయసు పిల్లలకు లెక్కలు చెప్పడంలోనే గడిచింది. నువ్వూ నా దగ్గర చదివిన పిల్లవే. ఆ చనువుతో చెబుతున్నాను.

ఐదో తరగతి దాకా బడి మన వీధిలోనే ఉంటుంది. ఉండేది ఒకరిద్దరు టీచర్లు, వాళ్లకు ప్రతి పిల్లవాడి ఇల్లూ తెలుసు. రాకపోతే ఇంకో పిల్లవాడిని పంపి పిలిపిస్తారు. ఆరులో అడుగుపెట్టగానే ఇదంతా మారిపోతుంది. గంటకో టీచరు వస్తారు. హిందీ కొత్తగా మొదలవుతుంది. లెక్కల్లో అంకెల మధ్యకు అక్షరాలు వస్తాయి. ఎనిమిదికి వచ్చేసరికి సైన్సు పుస్తకం కూడా రెండవుతుంది. సరిగ్గా అప్పుడే మగపిల్లవాడి భుజాలకు బలం వస్తుంది, ఆడపిల్ల చేతికి వంట వస్తుంది. చదువు బరువెక్కే ఏడే పిల్లలు ఇంటి పనికి అక్కరకొస్తారు. నా కళ్ల ముందు బడి వదిలేసిన పిల్లల్లో ఎక్కువమంది ఈ మూడు తరగతుల్లోనే వదిలేశారు.

నీ చదువు ఎక్కడ ఆగిందో నీకు గుర్తుంది కదా. అందరూ నువ్వు ఎనిమిదిలో మానేశావంటారు. నేనట్లా అనను. ఏడో తరగతి చదువుతుండగా సంక్రాంతి దాటాక మీ అమ్మానాన్నల వెంట గుంటూరు వైపు సుగ్గికి, అదే కోతల వలసకు, పోయావు. మిరపకోతలు ముగించుకుని వచ్చేసరికి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఎనిమిదిలో మళ్లీ వచ్చావు గానీ, ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేదానివి, వెనక్కి పోయావు. సమీకరణాలు చెబుతుంటే తల ఎత్తేదానివి కాదు. మొదట వారానికొక రోజు రాలేదు, తర్వాత రెండు రోజులు, దసరా సెలవుల తర్వాత ఇక రానేలేదు. రేపటి నుంచి బడి మానేస్తానని నువ్వు ఏ రోజూ అనుకోలేదు తల్లీ. ఏ పిల్లలూ అనుకోరు. పోయిన పాఠం తెలియకపోతే ఈ రోజు చెప్పేది అర్థం కాదు. అర్థం కాని చోట ఏడెనిమిది గంటలు కూర్చోవడం పెద్దవాళ్లకే కష్టం. టీచరు లేపి అడిగితే తోటివాళ్ల ముందు సిగ్గు. ఆ సిగ్గు తప్పించుకోవడానికి కడుపునొప్పి వస్తుంది, తలనొప్పి వస్తుంది, ఇంకో రోజు పోతుంది.

సేద్యం చేసేవాళ్లు మీరు, మీకు వేరే చెప్పాలా? గొర్రు గొట్టంలో గింజ ఇరుక్కుంటే విత్తే రోజు ఎవరికీ తెలియదు. చేను మొలిచాక ఆ సాలు ఖాళీగా కనపడుతుంది, అప్పటికి పదును పోయి ఉంటుంది. పిల్లలు మానిన రోజులూ అంతే. భిన్నాలు చెప్పిన వారం రాని పిల్లవాడు ఆ వారం బాగానే తిరుగుతాడు. నిష్పత్తి, శాతం, వడ్డీ లెక్క వచ్చినప్పుడు దొరికిపోతాడు.

ఊళ్లో 75 శాతం అన్న మాట అందరి నోటా వినపడుతోంది. అమ్మ ఒడి పథకం ఉన్నప్పటి నుంచీ అంతే, డబ్బులు పడాలంటే అంత హాజరు ఉండాలని. మంచిదే, ఆ మాట వల్ల బడికి వచ్చిన పిల్లలున్నారు. కానీ ముప్పావు వంతు పోతే చాలులే అనుకునే ఇళ్లూ తయారయ్యాయి. లెక్కల సారును కాబట్టి ఈ ఒక్క లెక్క నీతో వేయిస్తాను. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది దాకా ఏడాదికి కనీసం 220 రోజులు బడి నడవాలి. అందులో ముప్పావు వంతు 165. పోయినవి 55. మూడేళ్లూ ఇట్లాగే జరిగితే 165 రోజులు పోతాయి. రికార్డులో మీ వాడు మూడేళ్లు చదివినట్టు ఉంటుంది, వాడు బడిలో ఉన్నది రెండుంపావు సంవత్సరాలు. తొమ్మిదిలోనూ పదిలోనూ వాడు పడే అవస్థంతా ఆ ముప్పావు ఏడాది దగ్గరే ఉంటుంది. అంతెందుకు, నెలకు రెండు రోజులు మానితే ఎవరి కంటికీ ఆనదు. పది నెలలకు ఇరవై రోజులవుతుంది, దాదాపు ఒక నెల బడి.

జ్వరం వస్తే పంపమని నేననను. ఒళ్లు కాలుతున్న బిడ్డను ఇంట్లోనే పడుకోబెట్టాలి, క్లాసు టీచరుకు ఫోను చేసి చెప్పాలి, తగ్గాక ఆ రోజుల్లో ఏం జరిగిందో తోటి పిల్లల నోట్సు చూసి రాయించాలి. నేను చెప్పేది మిగతా రోజుల గురించి. సంత రోజని, దేవర అని, ఉరుసు అని, మేనమామ ఇంట్లో పెళ్లని. పెళ్లికి పోవద్దంటే నువ్వు ఊరుకోవు, నేనూ అనను. ముహూర్తం రోజు పోండి, మరునాడు వచ్చేయండి. మూడు రోజుల ముందు పోవడం, రెండు రోజులు ఉండిపోవడం మన వైపు మర్యాద అయి కూర్చుంది. ఆ మర్యాద పిల్లల చదువు మీద పడుతోందని చెబితే మీ అన్న తప్పుపట్టడు. పట్టినా ఫరవాలేదు.

పత్తి తీసే రోజుల సంగతి వేరు, అది అన్నం సంగతి. కాయ పగిలిన రోజుల్లో ఒక్క చెయ్యి ఎక్కువుంటే ఎంత కలిసొస్తుందో నాకు తెలుసు. మబ్బు పట్టిందంటే మీకు నిద్ర పట్టదు. ఆ మాటా ఆలోచించే చెబుతున్నాను. 2016లో మార్చిన బాలకార్మిక చట్టం కూడా పిల్లలు సొంత చేలో చేతిసాయం చేయడాన్ని పూర్తిగా కాదనలేదు, బడి వేళలు అయ్యాక, సెలవుల్లో అని హద్దు పెట్టింది. ఆ హద్దు నీ ఇంట్లో కూడా పెట్టు. ఆదివారం చేనికి రానీ. సాయంత్రం వచ్చాక గొడ్లకు నీళ్లు పెట్టనీ. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం బడి విడిచే దాకా మాత్రం ఆ బిడ్డలు నీ పనివాళ్లు కారు. పేదవాళ్లు పిల్లలను చదివించరనే మాట పెద్దలు కొందరు తేలిగ్గా అనేస్తారు, నాకు అది గిట్టదు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హా గారూ, ఎం.వి. ఫౌండేషన్ వాళ్లూ 1990ల నుంచి ఇల్లిల్లూ తిరిగి, పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చదివించి తరగతులకు చేర్చారు. కూలి చేసుకునే తల్లిదండ్రులే ఆ కూలి వదులుకుని పిల్లలను పంపారు. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఆ పనికే. కష్టంలో ఉన్న తల్లి పంపగలదని అక్కడ రుజువైంది.

ఇక పెద్దమ్మాయి. పెద్దమనిషి అయినప్పుడు పదకొండు రోజులో పదహారు రోజులో కూర్చోబెట్టడం, ఆ తర్వాత బంధువుల రాకపోకలు, మొత్తం మీద ఒక నెల పోవడం చూశాను. వేడుక నీ ఇష్టం. సెలవులు చూసుకుని చేయి, మధ్యలో రోజులు బడికి పంపు. నెలనెలా మానడం అంతకంటే కనపడని నష్టం. నెలకు మూడు రోజులు మానితే ఏడాదికి ముప్పై. ఎందుకు మానుతోందో అమ్మవు కాబట్టి నీకే చెబుతుంది. బడిలో మరుగుదొడ్డికి గొళ్లెం లేదనో, నీళ్లు రావనో అయితే అది నీ బిడ్డ ఒక్కదాని బాధ కాదు, బడికి పోయి అడగాల్సిన మాట. రక్తం తక్కువై నీరసపడకుండా పిల్లలకు బడిలో నీలం రంగు ఐరన్ మాత్రలు ఇస్తారు, పారేయకుండా అన్నం తిన్నాక వేసుకుంటోందో లేదో కనుక్కో. దారిలో ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారేమో అది కూడా నెమ్మదిగా అడుగు. అటువంటిది ఉంటే అల్లుడు నాలుగు రోజులు వెంట నడవాలి, ఆ పిల్లను ఇంట్లో కూర్చోబెట్టకూడదు.

నాకు చదువు రాదు సార్, నేనేం చూస్తాను అని అల్లుడు అంటాడు. ఇంగ్లీషు మీడియం వచ్చాక నువ్వూ అదే అంటున్నావని విన్నాను. మీ వాడి పుస్తకం ఒకసారి తెరిచి చూడు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. తెలుగు పేజీ నువ్వు చదవగలవు. అల్లుడు చదవలేకపోయినా అడగగలడు. ఈ రోజు ఏం చెప్పార్రా అని రోజూ అన్నం దగ్గర అడగమను. ఏం లేదు అని వాడు తప్పించుకుంటాడు. అప్పుడు, మధ్యాహ్నం అన్నంలోకి ఏమిటి, లెక్కల సారు వచ్చాడా, నీ పక్కన ఎవరు కూర్చున్నారు అని అడగమను. ఆ చిన్న మాటల్లోంచే పెద్ద మాటలు బయటికొస్తాయి. తిట్టిన టీచరు, కొట్టిన పిల్లవాడు, అర్థం కాని పాఠం, అన్నీ. నాన్న రోజూ అడుగుతాడని తెలిసిన పిల్లవాడు దారిలో చెరువు గట్టు దగ్గర ఆగిపోడు. ఇది నేను గట్టిగా చెప్పగలను.

బడికి కూడా పోవాలి తల్లీ. పిలిస్తే సరే, పిలవకపోయినా పోవాలి. 2024 డిసెంబరు 7న మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులన్నిటిలోనూ ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ఆ రోజు చాలా బడులు తిరనాళ్లలా ఉన్నాయి, ముగ్గుల పోటీలు కూడా పెట్టారు. బాగుంది. కానీ నీ పిల్లవాడి గురించి టీచరుతో తీరుబడిగా మాట్లాడాలంటే జనం లేని రోజే మేలు. నెలకొకసారి, పని లేని పూట, బడి విడిచే వేళకు పో. నాలుగు మాటలు అడుగు. ఈ నెల ఎన్ని రోజులు రాలేదు, ఏ పాఠంలో వెనకబడ్డాడు, ఎవరితో తిరుగుతున్నాడు, ఇంట్లో మేమేం చేయాలి. మార్కులెన్ని అని అడిగి వచ్చేస్తే లాభం లేదు. కొన్నిచోట్ల తల్లిదండ్రులను నిలబెట్టి మాట్లాడతారు, అది నాకు నచ్చని పద్ధతి. నువ్వు కుర్చీ లాక్కుని కూర్చో. ఆ బడి నీది.

నీదని ఊరికే అనడం లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న విద్యాహక్కు చట్టమే ఆ మాట చెబుతుంది. బడి కమిటీలో ముప్పావు వంతుకు తగ్గకుండా తల్లిదండ్రులే ఉండాలి, కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి ఎట్లా నడుస్తోందో చూడటం, వచ్చిన డబ్బు ఎట్లా ఖర్చవుతోందో చూడటం ఆ కమిటీ పని. మన వైపు ఆ కమిటీలు చాలావరకు సంతకాలతో సరిపెట్టుకుంటున్నాయి, ఊళ్లో పెద్దలు చెప్పిన పేర్లు రాసుకుపోతున్నారు. మళ్లీ ఎన్నిక వచ్చినప్పుడు నువ్వు చెయ్యెత్తు. ఎనిమిది దాకా చదివావు, లెక్క చూడగలవు, మాట్లాడటానికి భయపడవు. మరుగుదొడ్డి గొళ్లెం సంగతి మగవాళ్ల కమిటీలో ఎన్నేళ్లకు చర్చకు వస్తుంది చెప్పు?

చివరగా సుగ్గి మాట. వానలు సరిగా లేకపోతే ఈసారి కూడా మీరు పోతారని నాకు తెలుసు. పోవద్దనే హక్కు నాకు లేదు, అప్పు నేను తీర్చలేను. అక్కడ తూకం లెక్కన కూలి ఇస్తారు గనుక పిల్లల చేతులకూ విలువ కడతారు. మేస్త్రీ ఇంటికి వచ్చినప్పుడే, పిల్లలు రారని చెప్పి ఇద్దరికే అడ్వాన్సు తీసుకోండి. నలుగురి లెక్కన తీసుకున్నాక మాట తిప్పుకోవడం కష్టం. పిల్లలను ఎక్కడ ఉంచాలంటే మూడు దారులున్నాయి. మీ అత్తకు ఓపిక ఉంటే అవ్వ దగ్గర ఉండటం అన్నిటికంటే మేలు. అది కుదరకపోతే, వలస పోయేవాళ్ల పిల్లలకు మన మండలాల్లో సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. అవి ఆలస్యంగా తెరుస్తారని అందరూ అనేదే, అందుకే పేర్లు ముందే ఇచ్చి వెంటపడాలి. ఏ దారీ లేక పిల్లలను వెంట తీసుకుపోతే, అక్కడికి చేరిన మరునాడే దగ్గరున్న ప్రభుత్వ బడిలో చేర్చండి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదని అదే చట్టం చెబుతుంది. హెడ్మాస్టరు ఎవరైనా కాదంటే నాకు ఫోను చెయ్యి, నేను మాట్లాడతాను.

ఆడపిల్లకు ఇంకో దారి కూడా ఉంది, కస్తూర్బా బడి. అక్కడే ఉండి చదువుకోవచ్చు. ఎనిమిదిలో ఖాళీ ఉందో లేదో అడిగితేనే తెలుస్తుంది. దీపావళికి ముందు ఒక సోమవారం అల్లుడిని పని మానిపించు. ముగ్గురం కలిసి మొదట హైస్కూలుకు పోయి ఇద్దరి హాజరు చూద్దాం, సీజనల్ హాస్టల్‌కు పేర్లు రాయిద్దాం, అటు నుంచి అటే కస్తూర్బాకు పోయి అడిగొద్దాం. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు తెచ్చుకో.

మీ సారు