నీ మంచినీళ్లకు నువ్వే లే

చిన్నా,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. వర్క్ ఫ్రమ్ హోమ్ మొదలయ్యాక నీకు కాఫీ, టిఫిను, చివరికి మంచినీళ్లు కూడా ల్యాప్‌టాప్ దగ్గరికే వస్తున్నాయట. ఆవిడ మురిపెంగానే చెప్పింది. నాకే నచ్చలేదు. ఎందుకో చెబుతాను.

లండన్ బస్సు సిబ్బంది మీద జెర్రీ మారిస్ అనే డాక్టరు చేసిన పరిశోధనను 1953లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది. అవి డబుల్ డెక్కర్ బస్సులు. డ్రైవరు డ్యూటీ అంతా సీట్లోనే. కండక్టరు మాత్రం టికెట్లిస్తూ రోజంతా మెట్లెక్కి దిగాల్సిందే. గుండెజబ్బు కండక్టర్లకు తక్కువగా వచ్చింది. వచ్చినా డ్రైవర్లకంటే లేటు వయసులో వచ్చింది. సన్నగా ఉండటమే కారణమేమోనని మారిస్ యూనిఫారాల నడుము కొలతలు కూడా పరిశీలించాడు. చివరికి లావుపాటి కండక్టర్లకూ ముప్పు తక్కువేనని తేలింది.

తొడలు, పిక్కల కండరాలు కదిలినప్పుడే రక్తంలోని చక్కెరను, కొవ్వును బాగా వాడుకుంటాయి. కాళ్లలోని రక్తాన్ని పైకి నెట్టేవీ పిక్కలే. అన్నం తిని కుర్చీకి అతుక్కుపోతే, పెరిగిన షుగరు త్వరగా దిగదు. మన ఇంట్లో షుగరు ఉందని నీకు తెలుసు.

‘జిమ్‌కు వెళ్తున్నాగా’ అంటావు. పదిలక్షల మందికి పైగా వివరాలు కలిపి చూసిన 2016 పరిశోధనలో, రోజుకు ఎనిమిది గంటలకు పైగా కూర్చునేవాళ్లలో త్వరగా చనిపోయే అదనపు ముప్పు దాదాపు కనిపించనిది రోజూ 60 నుంచి 75 నిమిషాలు చురుగ్గా కదిలేవాళ్లకే. వారానికి మూడురోజుల జిమ్ ఆ లెక్కకు చాలదు.

బీడీలు చుట్టే ఆడమనిషి లేస్తే ఆ కాసేపు కూలి పోతుంది. నువ్వు లేస్తే పైసా పోదు. అయినా నీ బదులు మీ అమ్మ లేస్తోంది, అదీ మోకాళ్ల నొప్పులతో. కూర్చుని సేవ చేయించుకోవడం గౌరవమనుకుంటాం. నీకు అది రోగం, ఆవిడకు చాకిరీ.

అందుకే చెబుతున్నా. నీళ్లు నువ్వే తెచ్చుకో. తిన్న కంచం నువ్వే తీయి. భోజనమయ్యాక కాసేపు నడువు. ఫోన్ నిలబడి మాట్లాడు. టీమ్ లీడరువి కదా, మీటింగు మధ్యలో ఎవరైనా లేచి నిలబడితే తప్పుపట్టకు, గంటకోసారి నువ్వే లేవమను. రేపటి నుంచి సాయంత్రం కాఫీ నువ్వు కలిపి మీ అమ్మకివ్వు. ఎలా ఉందో ఆవిడనే అడిగి తెలుసుకుంటాను.

ఆశీస్సులతో,
పెద్దనాన్న