సంజయుని చూపు



గడచిన మాసమున భారత ప్రవచనము ముగిసి, జనులు తీర్థప్రసాదములు స్వీకరించి లేచుచుండగా, ఒక యువకుడు నా చెంతకు వచ్చి నమస్కరించి యిట్లనెను: “గురువుగారూ! వ్యాసభగవానుడు సంజయునకు దివ్యదృష్టి నొసంగెనని మీరు సెలవిచ్చితిరి. అది కట్టుకథ యని నా తోడి యుద్యోగులు నవ్వుచుందురు. కాని అమెరికా ప్రభుత్వమే గూఢచర్యము కొఱకు అట్టి శక్తి గలవారిని కొలువున నుంచుకొని ఇరువది యేండ్లకు పైగా పోషించినదట! మన శాస్త్రమునకు ఇంతకంటె ఋజువేమి కావలెను?”

ఆతని ముఖము వెలిగిపోవుచుండెను. చుట్టునున్న పెద్దలు తలలూపిరి. నాకు మాత్రము తల యూపుటకు మనసొప్పలేదు. “నాయనా, ఆ కథ కడవఱకు వినవలెను” అని మాత్రము పలికి ఆ పూటకు తప్పించుకొంటిని. అది సమాధానము కాదని ఇంటికి వచ్చిన పిదప నాకే తోచినది. గావున ఈ పుటలలో ఆతనికి బదులు చెప్పుటకు యత్నించెదను.

ముందుగా జరిగినది జరిగినట్లు చెప్పుకొందము. 1972వ సంవత్సరమున కాలిఫోర్నియా రాష్ట్రమున మెన్లో పార్కు అను ఊర, స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అను పరిశోధనాలయములో హెరాల్డ్ పుటాఫ్, రసెల్ టార్గ్ అను ఇరువురు భౌతిక శాస్త్రజ్ఞులు ఈ పనికి పూనుకొనిరి. ఇరువురును లేజర్ కిరణములపై కృషి చేసినవారు. ధనమిచ్చినది సి.ఐ.ఏ. అను గూఢచారి సంస్థ. అవి అమెరికాకును సోవియట్ దేశమునకును ప్రచ్ఛన్నయుద్ధము సాగుచుండిన దినములు. సోవియట్ వారు మనశ్శక్తులపై విశేషముగా ధనము వెచ్చించుచున్నారని వార్త పుట్టినది. పొరుగువాడు మంత్రగానిని పిలిపించెనని విని తానును ఒకనిని పిలిపించు గృహస్థుడు మన ఊళ్లలోను కలడు గదా.

ఆ విద్యకు వారు పెట్టిన పేరు ‘రిమోట్ వ్యూయింగ్’. మన మాటలో దూరదర్శనము. (మన యిండ్లలో రేయింబవళ్లు మ్రోగు దూరదర్శనము కాదు సుమా, దానికి విద్యుత్తు చాలును, తపస్సు అక్కఱలేదు.) పరీక్షావిధానము సులభమైనదే. ద్రష్ట యొకడు మూసిన గదిలో కూర్చుండును. పరిశోధకులలో కొందరు బండి నెక్కి, ముందు తెలియని ఏదో యొక స్థలమునకు పోయి నిలుతురు. వారెచట నుండిరో, అచట ఏమున్నదో ద్రష్ట నోట చెప్పి, చేత గీయవలెను. పిదప వేఱొకరు ఆ స్థలములన్నియు తిరిగి చూచి, ఏ వర్ణన ఏ స్థలమునకు సరిపోవునో నిర్ణయింతురు. ఇంగో స్వాన్ అను చిత్రకారుడు దీనిని మఱొక మెట్టు పైకి కొనిపోయెను. అక్షాంశ రేఖాంశముల అంకెలు మాత్రము చెప్పినచో, అచట నున్నది వర్ణింతునని యాతడనెను.

పాట్ ప్రైస్ అను మఱియొకడు, పోలీసు ఉద్యోగము చేసి విరమించినవాడు, 1974లో సోవియట్ దేశమున సెమీపలాటిన్‌స్క్ ప్రాంతపు రహస్య కర్మాగారమును వర్ణించి, పట్టాలపై నడచు పెద్ద క్రేను నొకదానిని గీసెను. ఆకాశము నుండి ఉపగ్రహములు తీసిన చిత్రములలో అట్టి క్రేనే యున్నది! అధికారులు విభ్రాంతులైరి. కాని యాతడు చెప్పిన తక్కిన సంగతులలో పెక్కులు ఆ స్థలమునకు సరిపడలేదు. మనుష్యుని మనస్సు సరిపడిన యొక్క క్రేనును నూఱేండ్లు జ్ఞప్తియందుంచుకొనును. సరిపడని వానిని మఱునాడే మఱచును.

కొన్నియేండ్లకు సి.ఐ.ఏ. తప్పుకొనగా సైన్యము చేపట్టినది. మేరీలాండ్ రాష్ట్రమున ఫోర్ట్ మీడ్ అను సైనిక స్థావరములో పాత కొయ్య కట్టడములలో ఈ ద్రష్టలు కూర్చుండెడివారు. ఈ పథకమునకు కాలక్రమమున గ్రిల్ ఫ్లేమ్, సెంటర్ లేన్, సన్ స్ట్రీక్ అని పేర్లు మాఱి, 1991 నాటికి స్టార్ గేట్ అయినది. వారిలో జోసెఫ్ మెక్‌మోనీగల్ అను సైనికునకు 1984లో పతకము సైతము లభించినది. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, తన పాలనాకాలమున ఆఫ్రికాలో కూలిన విమానమొకదాని జాడను ఒక స్త్రీ పరవశురాలై అక్షాంశ రేఖాంశములతో చెప్పినదని 1995లో విద్యార్థులకు వెల్లడించెను. ఇవన్నియు మన యువకుడు విన్న మాటలే. ఇంతవఱకు ఆతడు చెప్పినది అబద్ధము కాదు.

ఇక వినని భాగము.

1979 నవంబరులో టెహరాన్ నగరమున అమెరికా రాయబార కార్యాలయమును ముట్టడించి అందలి వారిని బంధించిరి. వారిలో 52 మంది 444 దినములు చెఱలో నుండిరి. వారెచట నున్నారో, ఏ గదిలో నున్నారో చెప్పుడని ఫోర్ట్ మీడ్ ద్రష్టలను మాటిమాటికి కూర్చుండబెట్టిరి. తుదకు చెఱ విడిపించినది అల్జీరియా మధ్యవర్తిత్వమున జరిగిన సంప్రదింపులు. 1981 డిసెంబరులో ఇటలీలోని వెరోనా నగరమున జనరల్ జేమ్స్ డోజియర్‌ను రెడ్ బ్రిగేడ్స్ అను ముఠావారు ఆతని యింటినుండియే యెత్తుకొనిపోయిరి. అప్పుడును ద్రష్టల నడిగిరి. 42 దినముల పిమ్మట ఆతనిని పాడువా నగరపు ఇంటిలో కనుగొనినవారు ఇటలీ పోలీసులు. దారి చూపినది తమకు చిక్కిన వారినుండి రాబట్టిన సమాచారము. బందీల భార్యాబిడ్డలు తలుపువైపు చూచుచు గడపిన దినములను తలచుకొన్నచో, అధికారులు గడ్డిపోచనైనను పట్టుకొనజూచిరని వారిని నిందింపబుద్ధి కాదు. ఆపదలో నున్నవాడు ఎవరినైనను అడుగును.

1995లో అమెరికా శాసనసభ ఆజ్ఞపై ఈ పథకము మరల సి.ఐ.ఏ. చేతికి రాగా, వారు దీనిని తూచి చెప్పుటకు అమెరికన్ ఇన్‌స్టిట్యూట్స్ ఫర్ రిసెర్చ్ అను సంస్థకు అప్పగించిరి. ఇరువురు పండితులు ప్రయోగములను పరిశీలించిరి. గణాంక శాస్త్రజ్ఞురాలు జెస్సికా అట్స్, ఫలితములు యాదృచ్ఛికములు కావనియు, ఏదో శక్తి యున్నట్లు తేలినదనియు వ్రాసినది. మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు రే హైమన్, అంతమాత్రమున దివ్యశక్తి యనుట తగదనెను. ఈ చర్చ నేటికిని వాదులాటగానే యున్నది. దానిని తీర్చుటకు నేను చాలను. కాని వేహులవారి పనికి వచ్చినదా యను ప్రశ్నకు మాత్రము నివేదిక తడుముకొనలేదు: ద్రష్టలు చెప్పినది అస్పష్టము, ఒక్క గూఢచర్య కార్యమునకైనను అది దారి చూపలేదు. సుమారు రెండు కోట్ల డాలర్లు వ్యయమైన పిదప ఆ పథకము మూతపడెను.

ఇచట ఒక సూక్ష్మము కలదు. న్యూజిలాండు దేశమున డేవిడ్ మార్క్స్, రిచర్డ్ కామన్ అను ఇరువురు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఈ పరీక్షలను తామును చేసి చూడగా ఫలితము రాలేదు. అప్పుడు వారు కాలిఫోర్నియా ప్రయోగముల మాటల ప్రతులను వెదకి చదివిరి. వానిలో నిన్నటి స్థలమును గూర్చిన ప్రస్తావన వంటి చిన్న సూచనలు దొర్లియున్నవి. ఏది ముందు, ఏది వెనుకయో వానినిబట్టియే పోల్చుకొనవచ్చునని 1978లో ప్రకటించిరి. ఆ సూచనలను తొలగించినను ఫలితము నిలిచినదని అవతలి పక్షమువారు వాదించిరి. ఎవరును మోసము చేయలేదు. అడుగువాని మాటలోనే జవాబు కొంత దాగియుండి, చెప్పువాని నోట వెలువడునని మాత్రమే వారి యాక్షేపణము.

ఇది చదివినప్పుడు నా గుండె ఝల్లుమన్నది. ఏలయనగా, నేనును ఒకప్పుడు ద్రష్టనే.

నా తొమ్మిదవ యేట మా యింట మేనత్త గొలుసు కనబడలేదు. పెద్దలు అంజనము వేయువానిని పిలిపించిరి. అంజనము పసివాని కన్నులకే కనబడునందురు గదా. నన్ను పీటపై కూర్చుండబెట్టి, బొటనవ్రేలి గోటికి నల్లని కాటుక పూసి, దీపము ప్రక్కన పెట్టి, రెప్పవేయక చూడుమనిరి. చూచితిని. దీపపు మెఱపు తప్ప నాకేమియు కనబడలేదు. “ఎవరో నడచుచున్నారా?” అని యాతడడిగెను. అందఱును నావంక చూచుచుండిరి. “ఆ” అంటిని. “ఆడుమనిషా?” “ఆ.” “ఎఱ్ఱచీరయా?” “ఆ.” “పెరటివైపు పోవుచున్నదా?” “ఆ.” అంతే. మా యింట అంట్లు తోమి, నన్ను చంకనెత్తుకొని పెంచిన యామెకు ఉన్నది ఒక్క ఎఱ్ఱచీర. ఆమె దేవునిమీద ఒట్టుపెట్టుకొని యేడ్చినది. ఎవరును వినలేదు. ఆ సాయంత్రమే ఆమెను పనిలోనుండి తొలగించిరి. సంక్రాంతికి వడ్ల గాదె ఖాళీచేయగా, అడుగున గొలుసు దొరకినది. అప్పటికి ఆమె ఊరు విడిచిపోయినది. ఎచటికి పోయినదో యే అంజనమును చెప్పలేదు.

నేను అబద్ధమాడవలెనని ఆడలేదు. పెద్దల ముఖములలో వారు కోరినది నాకు కనబడినది, దానినే చెప్పితిని. గూఢచర్యమున ఇట్టి చూపును నమ్మి ఒక యింటిపై సైనికులను పంపినచో ఏమగునో యోచింపుడు. అచటి ప్రభుత్వము అట్లు పంపకుండుట భగవదనుగ్రహమే యనుకొందును.

అయినచో యోగసిద్ధులు లేవందురా యని మీరు అడుగుదురు. పతంజలి మహర్షి విభూతిపాదమున సూక్ష్మమైనదియు, మఱుగుననున్నదియు, దూరముననున్నదియు నైన వస్తువుల జ్ఞానము యోగికి కలుగుననియే చెప్పెను. కాని ఆ పాదముననే, ఇట్టివి బహిర్ముఖునకు సిద్ధులుగా తోచునే గాని సమాధికి విఘ్నములనియు హెచ్చరించెను. టార్గ్ సైతము తన గ్రంథములలో పతంజలిని తలచుట కలదు. ఆయన మొదటి మాటను ఋజువు చేయుటకు శ్రమించెను; మన యువకుడు ఆ ఋజువును చూచి ఉప్పొంగెను. రెండవ మాటను ఇరువురును దాటిపోయిరి. ఋషివాక్యమునకు సైనికశాఖ యోగ్యతాపత్రము తెచ్చి అంటించుట వలన దానికి గౌరవము పెరుగునా? ఆ పత్రము 1995లో వలె చెల్లదని తేలినప్పుడు, ఋషివాక్యమును గూడ దానితో చింపివేయుదుమా?

జాడ వెదకుట యెట్లో మన పెద్దలు చూపకపోలేదు. సీతమ్మ కొఱకు సాక్షాత్తు శ్రీరామచంద్రుడు కన్నులు మూసికొని లంకను వర్ణింపలేదు. చెట్లనడిగెను, నదినడిగెను, వానరులను నలుదిక్కులకు పంపించెను. సంపాతి తన గృధ్రదృష్టితో లంకలో సీతను చూచి చెప్పినను, హనుమంతుడు సముద్రము దాటక మానలేదు. అంతఃపురమున మండోదరిని చూచి సీతయే యని గంతులు వేసెను; మరుక్షణమున, రాముని యెడబాసిన సీత ఇట్లు సుఖముగా నిద్రించునా యని తర్కించుకొని, తాను పొరబడితినని గ్రహించి, మరల వెదకెను. సుందరకాండలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టమిది. తన చూపును తానే శంకించిన దూత యాతడు. కౌటిల్యుడును ముగ్గురు చారుల మాట యొక్కటైననే నమ్మదగునని విధించెను. అంతేకాదు, జటలు పెంచి జోస్యములు చెప్పు తాపసవేషధారులను చారులుగా నియోగించు ఉపాయమునుగూడ వ్రాసెను. ఆ జోస్యములు ఫలించునట్లు తోడి చారులే ఏర్పాటు చేయుదురట! దివ్యదృష్టిని రాజ్యము ఎట్లు వాడుకొనునో ఆయనకు తెలియని సంగతి కాదు.

ఇక సంజయుని మాట. వ్యాసుడు మొదట ఆ చూపును ఇయ్యజూపినది సంజయునకు కాదు, ధృతరాష్ట్రునకు. తన వారి వధను కన్నులార చూడజాలనని, వినిన చాలునని యాతడే వలదనెను. అప్పుడు సంజయునకు లభించినది. ఆ చూపు కౌరవులకు విజయము చేకూర్చుటకు కాదు; పాండవశిబిరపు మంతనములను దుర్యోధనునకు చేరవేయుటకును కాదు. ఉన్నది ఉన్నట్లు ఒక తండ్రికి చెప్పుటకు. సంజయుడు చెప్పినదానిలో అస్పష్టత యేమాత్రము లేదు. అయినను విన్న రాజు తన వారు, పరుల వారు అను విభాగమునుండి బయటపడలేదు. ఫోర్ట్ మీడ్‌లో చూపు మసకబాఱినది. హస్తినలో చూపు నిర్మలముగనే యున్నది, చెవి మాత్రము మసక.

దుర్యోధనుడు మరణించినంతనే, ఋషి యిచ్చిన చూపు తనను విడిచిపోయినదని సంజయుడు రాజుతో చెప్పెను. సౌప్తిక పర్వమున ఈ మాట యున్నది. ఆతడు విలపింపలేదు, మరల కావలెనని వ్యాసుని యాచింపలేదు. పని తీరినది, చూపు పోయినది.

ధృతరాష్ట్రుని కథ మాత్రము అచట ముగియలేదు. ఏండ్లు గడచిన పిదప, రాజ్యము విడిచి, గాంధారీ కుంతులతో అడవి కేగి, ఉపవాసములచే కృశించియుండగా, వ్యాసుడు మరల వచ్చెను. గంగాతీరమున ఒక రాత్రి, యుద్ధమున మడిసిన వారందఱును నీటినుండి వెలువడిరి. కౌరవులు, పాండవుల బిడ్డలు, కర్ణుడు, అభిమన్యుడు, వైరము మాసిన ముఖములతో కలసి నిలిచిరి. నాడు వలదన్న చూపు నేడు ఆ వృద్ధునకు అనుగ్రహింపబడెను. ఆయన పుట్టిన నాటినుండి తన బిడ్డల ముఖములను చూచి యెఱుగడు. ఆ రాత్రి తెల్లవాఱు వఱకు చూచెను.