కాయకమున ఏకాగ్రత

కార్యాలయమున పని సాగకుండుటకు సోమరితనమొక్కటే కారణమా? 12వ శతాబ్దమున కల్యాణమందు నేలరాలిన బియ్యమేరుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడతడు శివానుభవ గోష్ఠిలో మునిగి పనిని మరువగా, కాయకము నిలిచినదని భార్య లక్కమ్మ హెచ్చరించెను. సద్గోష్ఠి సైతము కాయకవేళ అడ్డంకియే. మరి నేటి సమావేశములలో అనుభవమూ లేదు, కాయకమూ లేదు!

శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని చూడుడు. కరక్కాయ, పాలు పట్టించిన బట్టపై, బెల్లము, ఇనుము కలిపి ఊరబెట్టిన నల్లరంగుతో, వెదురుకలము పట్టి గీత గీతురు. తప్పిన గీత చెరిపిన పోదు. నడుమ పదిమార్లు పిలిచినచో చేయి తడబడును. ఆ దోషము పిలిచినవానిదే.

ఎక్కువ పనియే సామర్థ్యమనుకొను సంస్థలకు మిగిలిన కథ మింగుడుపడదు. మారయ్య నిత్యముకన్న అధికముగా బియ్యము తేగా, తిరిగి పోసిరమ్మని లక్కమ్మ పంపెను.