ప్రశ్న నెన్నుకొనుటయందలి ధర్మము

మధ్యయుగ దర్శనములలో పరిశోధన చేయ సంకల్పించిన విద్యార్థికి తొలి చిక్కు గ్రంథములు దొరకకపోవుట కాదు, ఏమి అడుగవలెనో తెలియకపోవుట. "స్యాద్వాదము" అన్నచో అది విషయము పేరగును గాని ప్రశ్న కానేరదు. అంగడికి వచ్చి "సరుకు కావలె" నన్నవానికి ఏ వర్తకుడును తూచి యీయలేడు గదా!

జైన కుటుంబములోని విద్యార్థికి మరియొక చిక్కు గలదు. ఇంటివారును, విద్యాదానము చేసిన పెద్దలును స్వమతమును కీర్తించు గ్రంథము నాశింతురు. అనేకాంతవాదము బుద్ధిగతమైన అహింసయే యను మాట సభలలో తరచు వినబడును. 1933లో స్యాద్వాదమంజరిని ప్రకటించిన ఆనందశంకర ధ్రువ పండితుడు ఈ భావమును సూచించెను. మరి ఆ గ్రంథమే ఏమనుచున్నది?

హేమచంద్రాచార్యుని (1089–1172) 32 శ్లోకముల స్తుతికి మల్లిషేణసూరి 1292లో రచించిన వ్యాఖ్య యది. మూలము పేరే అన్యయోగవ్యవచ్ఛేదము, అనగా పరమతముల నిరాకరణము. వైశేషిక, సాంఖ్య, బౌద్ధ, చార్వాకాది మతము లందు ఖండింపబడినవి. అయినను సత్యములో నొక భాగమును గ్రహించు నయమునకును, తక్కినదానిని త్రోసివేయు దుర్నయమునకును గల భేదము కూడ నందే యున్నది. ఇక ప్రశ్న తానే పుట్టును: పరమతమును ఖండించునపుడు మల్లిషేణుడు దానికి నయముగా చోటిచ్చెనా, దుర్నయమని త్రోసివేసెనా?

దీనికి గ్రంథ మొకటి, భాష యొకటి. కొలది సంవత్సరములలో ముగియదగిన పని. అంతకన్న ముఖ్యము, సమాధానము ముందుగా తెలియదు.

సమాధానము మనకు రుచింపకపోయిన నేమి గతి యని పెద్దలు శంకింపవచ్చును. లాభ మింత యని ముందే నిశ్చయించుకొని, దానికి సరిపడ చిట్టా వ్రాయు గుమాస్తాను ఏ యజమానుడు మెచ్చును? శ్రావకుని సత్యవ్రతమునకు కలుగు దోషములలో కూటలేఖక్రియను, అనగా దొంగపత్రము వ్రాయుటను, తత్త్వార్థసూత్రము పేర్కొన్నది. భక్తితో వ్రాయుట దోషము కాదు. ప్రతికూలమైన వాక్యము కంటబడినపుడు దానిని దాచుట దోషము.

కావున విద్యాదాతలు "ఏమి నిరూపింతువు?" అని గాక, "ఏమి అడుగుదువు?" అని విద్యార్థిని విచారింపవలెను. స్వపక్షమును సైతము పరీక్షకు నిలుపగల ధైర్యము లేనిచో అనేకాంతము నోటిమాటగనే మిగులును.