పాతబడే హక్కు

పాతదాన్ని చూస్తే కాలం గొప్పదనుకుంటాం. కాని పాతబడ్డానికి కూడా ఆస్తి కావాలి. రాయి కావాలి, సున్నం కావాలి, మెరక నేల కావాలి, ఎవడూ వచ్చి తగలబెట్టడన్న ధీమా కావాలి. ఇవేవీ లేనివాళ్ళ గుడికి ఎన్ని తరాలు మొక్కినా అది పాతబడదు. మళ్ళీ మళ్ళీ కొత్తగా వేసుకోవాల్సిందే. అందుకే పాత చర్చిని చూసి "ఎంత అందం" అన్నప్పుడు మనం దేన్ని మెచ్చుకుంటున్నామో తేల్చుకోవాలి.

మాది అవనిగడ్డ దగ్గర మాలపల్లె. మా అమ్మాయి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో చదువుకుంటుంటే చూడ్డానికి వెళ్ళాను. చిన్న ఊరు. కాలవల వెంట ఇటుక ఇళ్ళు, సైకిళ్ళు, చర్చి గంటలు. కాలవలు నాకు కొత్తా? దివిసీమంతా కాలవలే. అయితే అక్కడ ఏ గట్టు మీదయినా ఎవరయినా కూచోవచ్చు. మా చిన్నప్పుడు పై రేవు ఊరోళ్ళది, కింది రేవు మాది.

అక్కడ 'ఔద కెర్క్' అని 13వ శతాబ్దపు చర్చి ఉంది. పాత చర్చి అనే దాని అర్థం. గోపురం పక్కకి ఒరిగి ఉంటుంది. లోపల నేలంతా సమాధి రాళ్ళే. "నాన్నా, ఎంత ప్రశాంతంగా ఉందో" అంది పిల్ల. నిజమే. నాకూ లేవబుద్ధి కాలేదు.

కాని ఆ రాళ్ళ మీది వంశచిహ్నాల లాంటివి నేను అంతకుముందే చూశాను, బందరుకోట డచ్చి సమాధుల దగ్గర. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఆరు శాఖలుండేవి. డెల్ఫ్ట్ వాటిలో ఒకటి. ఇవాళ యాత్రికులు మురిసిపోయే హోర్న్, ఎంక్హైజెన్ కూడా అలాంటి శాఖల ఊళ్ళే. 17వ శతాబ్దం మొదట్లోనే ఆ కంపెనీ మచిలీపట్నంలో వ్యాపారం పెట్టింది. కృష్ణ డెల్టా ఇసుక నేలల్లో తవ్విన చిరివేరుతో ఎరుపెక్కిన అద్దకం బట్టలు ఓడలెక్కాయి. కరువులొచ్చినప్పుడు ఈ కోరమాండల్ తీరంలో మనుషుల్ని కూడా కొని బటేవియాకి బానిసలుగా తోలింది. వర్తకుల పేర్లు రాళ్ళ మీద మిగిలాయి. వేరు తవ్వినోళ్ళ పేర్లు, అమ్ముడుపోయినోళ్ళ పేర్లు ఏ రాతి మీదున్నాయి?

అయితే ఆ అందం అబద్ధమా? దోపిడీ సొమ్మును మెచ్చుకోవద్దనే మిత్రులున్నారు. ఆ చర్చి కంపెనీ కంటే మూడొందల ఏళ్ళు పైగా పాతది. మన సొమ్ముతోనే కట్టారనడం చరిత్ర కాదు. కాని ఆ ఊరు అంత నిమ్మళంగా నిలబడ్డానికి కావలసిన కలిమిలో మన తీరం వాటా ఉంది. అందాన్ని నేను కాదనను. వాటా సంగతి అడుగుతాను. బందరులో ఆరాబెల్లా రాబిన్సన్ సమాధి మీద జాన్ పేటర్ కట్టించిన సెయింట్ మేరీస్ చర్చి దగ్గరా ఇదే అడుగుతాను. వాళ్ళ ప్రేమకథ అందరూ చెబుతారు. ఆ గోడలకి సున్నం మోసిన ఆడమనిషి కథ ఎవరు చెబుతారు?

ప్రశాంతత కూడా ఒక రకం కాదు. కడుపు నిండి, భయం లేనివాడి మౌనం వేరు. చెప్పులు చేతబట్టుకుని ఊరి వీధి దాటేవాడి మౌనం వేరు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని నరికినప్పుడు, బతికినవాళ్ళు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడ ప్రశాంతత లేదు. ఏడుపులు, నినాదాలు, గంజి పొయ్యిలు. చర్చి ఎందుకుందో తెలుసుకోవాలంటే నేను డెల్ఫ్ట్ కంటే ముందు ఆ ఆవరణనే చూపిస్తాను.

మా పల్లె గుడి తాటాకు పాక. 1977 నవంబరు 19 ఉప్పెనకి కొట్టుకుపోయింది. దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. మా పాకతోపాటు బాప్తిస్మాల పుస్తకం కూడా పోయింది. అంటే మా పల్లెలో మనుషులు పుట్టినట్టు రాసున్న ఒక్క కాగితం పోయింది. తర్వాత ప్రతి ఆదివారం ప్రార్థనలో మా నాయనమ్మ పోయినోళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పేది. చాలాసేపు పట్టేది. "ఇంక చాలమ్మా" అన్నారు పాస్టరుగారు ఒకసారి. "మనోళ్ళకి రాళ్ళున్నాయా అయ్యగారూ, చూసి చదూకోటానికి? నోరే గదా ఉంది" అంది. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆపలేదు.

ఎనిమిదొందల ఏళ్ళ నేల మీద చెక్కిన పేర్లకీ, ఆ ముసలమ్మ నోట్లోని పేర్లకీ విలువలో తేడా ఏమిటి? నాకు కనబడిందల్లా ఒకటే. రాయి కాపలా లేకపోయినా ఉంటుంది. నోరు మనిషితో పోతుంది. నాయనమ్మ పోయాక ఆ పేర్లలో నాకు ముప్పై దాకా గుర్తున్నాయి. డెల్ఫ్ట్‌లో మా అమ్మాయి గదిలో కూచుని అవన్నీ రాయించాను. ఇంకా ఎన్నో పోయాయి.

చదువుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పాత చర్చీలు చూడండి, తప్పకుండా చూడండి. తిరిగొచ్చాక మీ పల్లెలో అందరికంటే పెద్ద ముసలమ్మ దగ్గర ఒక పుస్తకం, కలం పట్టుకుని కూచోండి. ఆమె చెప్పినన్ని పేర్లూ రాయండి. ఇంటిపేరుతో సహా రాయండి.